గాజువాకలో మూడున్నరేళ్ల బాబు, ఆటిజం అన్నారు: విశాఖలో ఎక్కడ మొదలుపెట్టాలి?

గాజువాక_అమ్మ | మంగళవారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. మా బాబుకు మూడున్నరేళ్లు. పోయిన వారం ఆటిజం అని చెప్పారు. డాక్టరు గారు చాలా ఓపికగానే వివరించారు, కానీ గదిలోంచి బయటికి వచ్చేసరికి నాకు ఒక్క ముక్క కూడా గుర్తు లేదు. చేతిలో చీటీ మాత్రం ఉంది. స్పీచ్ థెరపీ, ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ అట), ఆరు నెలల తర్వాత మళ్లీ రండి అని రాసి ఉంది.

బాబు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. గరిటెలు, చెంచాలు అన్నీ తెచ్చి గోడ పక్కన వరసగా పేరుస్తాడు. ఒక్కటి జరిపినా గంటసేపు ఏడుపు. నౌకాదళం విమానాలు ఎగిరినప్పుడు చెవులు మూసుకుని మంచం కిందికి దూరిపోతాడు. వాడికి వచ్చిన మాట ఒక్కటే, "బస్సు". కిటికీ ఊచలు పట్టుకుని రోడ్డు మీద పోయే ప్రతి బస్సునూ చూస్తూ నిలబడతాడు.

మూడు సెంటర్లకు వెళ్లాను. ఒకరు వారానికి రెండు రోజులు చాలన్నారు, ఒకరు ఆరు రోజులూ రావాలన్నారు, ఇంకొకరు మూడు నెలల డబ్బు ముందే కట్టమన్నారు. ప్లే స్కూలు వాళ్లు "కాస్త కుదుటపడ్డాక తీసుకురండి" అని బ్యాగు చేతికిచ్చారు. మా అత్తగారేమో వీడి నాన్నకు కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయి, ఊరికే కంగారు పడుతున్నావు అంటున్నారు. మా ఆయనవి షిఫ్టు డ్యూటీలు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. రాత్రి నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

పోర్టు_నాన్న | బుధవారం, ఉదయం 6:15

అమ్మా, మా అబ్బాయికి ఇప్పుడు పందొమ్మిదేళ్లు. మీరు రాసిన గరిటెల వరస చదివి మా ఆవిడకు చూపించాను. మా వాడివి చెప్పులు. ఇంటికి ఎంతమంది వస్తే అన్ని జతలూ వరసలో ఉండాల్సిందే.

పదహారేళ్ల కిందట మాకు విశాఖలో దారి చూపినవాళ్లు లేరు. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాదు వెళ్లాం. బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థకు, ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. అక్కడ ఒక మేడమ్ బాబును చూడడం అయ్యాక మా ఆవిడను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "వారంలో నా దగ్గర గంట ఉంటాడు, మీ దగ్గర మిగతా గంటలన్నీ ఉంటాడు. ముందు మీకు నేర్పిస్తాను" అన్నారు. ఆ మాట వినడానికి మేము అంత దూరం పోవలసి వచ్చింది. మీరు పోనక్కరలేదు.

ముందు రెండు పనులు చేయండి. ఒకటి, థెరపీ వెంటనే మొదలుపెట్టండి, వారానికి రెండు రోజులైనా సరే. రెండు, సదరం సర్టిఫికెట్‌కు, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వం రాసిచ్చే కాగితానికి, స్లాట్ పెట్టించండి. మీ వార్డు సచివాలయంలో బాబు ఆధార్ చూపిస్తే బుక్ చేస్తారు. మా బాబుకు అలాంటి ముద్ర ఎందుకు అని మేము నాలుగేళ్లు ఆగాం. ఆ నాలుగేళ్లలో పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు.

భవిత_టీచరు | బుధవారం, మధ్యాహ్నం 1:20

నేను ప్రత్యేక విద్య టీచరుగా పనిచేస్తున్నాను. సెంటరును ఎలా ఎంచుకోవాలో చెబుతాను.

వెళ్లగానే థెరపిస్టుకు ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. పునరావాస నిపుణులను నమోదు చేసే కేంద్ర సంస్థ అది, 1992 చట్టం కింద ఏర్పడింది. స్పీచ్ వాళ్లకూ స్పెషల్ ఎడ్యుకేటర్లకూ ఆ నంబరు ఉండాలి. అడిగినందుకు చిన్నబుచ్చుకునే చోట చేర్చకండి. రాబోయే మూడు నెలల్లో బాబుకు ఏమేం నేర్పాలనుకుంటున్నారో కాగితం మీద రాసివ్వమనండి. "మాటలు తెప్పిస్తాం" అని రాస్తే అది లక్ష్యం కాదు. "కావలసిన వస్తువును వేలితో చూపించడం" అని రాస్తే అది లక్ష్యం. అన్నిటికన్నా ముఖ్యం, మిమ్మల్ని గదిలోకి రానివ్వాలి. తలుపు వేసి తల్లిని బయట కూర్చోబెట్టే సెంటర్ల మీద నాకు గౌరవం లేదు.

ఇంట్లో ఈ రోజే మొదలుపెట్టవచ్చు. వాడికి బస్సు ఇష్టం కదా, అదే మీ చేతిలో ఉన్న తాళం చెవి. ఒక బొమ్మ బస్సు కొనండి. మీ మొహం వాడి మొహానికి ఎదురుగా వచ్చేలా నేల మీద కూర్చోండి. బస్సును మీ కంటి పక్కన పట్టుకుని "బస్సు" అని ఒక్కసారి అనండి. తర్వాత ఏమీ మాట్లాడకండి. మనసులో అయిదు లెక్కపెట్టండి. మనం ఎవరమూ ఆగలేం, రెండో సెకనుకే "చెప్పు నాన్నా, చెప్పు" అంటాం. ఆగండి. వాడు చూసినా, చెయ్యి చాచినా, చిన్న శబ్దం చేసినా వెంటనే బస్సు ఇచ్చేయండి. వాడి పనికి ఫలితం వచ్చిందని వాడికి తెలియాలి. రోజుకు పది నిమిషాలు, మూడు పూటలు. మాట రాకపోతే బస్సు ఫోటో తీసి అట్ట మీద అంటించండి, ఆ అట్ట మీ చేతికిస్తే బస్సు ఇవ్వండి. బొమ్మల కార్డులు అలవాటైతే మాటలు రావని చాలామంది భయపడతారు. ఆ భయం అక్కరలేదు, కార్డుతో అడగడం వచ్చిన పిల్లలకు అరుపులు తగ్గడం నేను కళ్లారా చూస్తున్నాను.

గాజువాక_అమ్మ | బుధవారం, రాత్రి 10:05

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. సాయంత్రం బస్సు కొన్నాను. అయిదు లెక్కపెట్టడం ఇంత కష్టమని అనుకోలేదు.

సదరం అంటే మా ఇంట్లో ఒప్పుకోవడం లేదు. జీవితాంతం పేరు పక్కన ఉండిపోతుందని మా ఆయన భయం. పెన్షన్ కోసం మాత్రమే కదా అంటున్నారు.

పోర్టు_నాన్న | గురువారం, ఉదయం 5:50

పెన్షన్ అందులో ఒక భాగమే. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబంలో 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వైకల్యం నమోదైతే ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 రూపాయలు వస్తుంది. 2024 జూలై నుంచి ఆ మొత్తం. పెన్షన్ అర్హత లేనివాళ్లకు కూడా ఈ కాగితం కావాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, వాటిలో ఆటిజం ఒకటి. చట్టంలో పేరుంటే సరిపోదు, మన పిల్లవాడు ఆ చట్టం కిందికి వస్తాడని చూపించేది ఈ సర్టిఫికెట్టే. ఆటిజం లాంటి వైకల్యాలున్నవాళ్ల కోసం కేంద్రం పెట్టిన సంస్థ నేషనల్ ట్రస్టు, వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాకు ఇదే ఆధారం. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, ముందుగా ఆరోగ్య పరీక్షలు అడగరు, థెరపీ ఖర్చులకు కూడా కొంత పరిమితి వరకు బిల్లులు పెట్టుకోవచ్చు. ఆదాయపు పన్నులో పాత విధానంలో ఉన్నవాళ్లకు, వైకల్యం ఉన్న పిల్లల పోషణ కింద పన్ను వేసే ఆదాయంలోంచి 75,000 రూపాయల తగ్గింపు, 80 శాతం లేదా అంతకన్నా ఎక్కువైతే 1,25,000. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, అంటే మన ఊళ్లో రైల్వే వాళ్లు, నౌకాదళంలోని సివిలియన్లు, ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఇలాంటి పిల్లలను చూసుకునే ఉద్యోగిని మామూలు బదిలీల నుంచి మినహాయించమని 2014లో ఉత్తర్వు వచ్చింది, 2018 అక్టోబరులో దాన్ని విస్తరించారు. నా సహోద్యోగి ఒకాయనకు ఇది తెలియక రెండేళ్లు భార్యాపిల్లలను ఇక్కడ వదిలి వేరే ఊళ్లో ఒంటరిగా ఉన్నారు.

మీ వారితో ఒక మాట చెప్పండి. కాగితం బీరువాలో ఉంటుంది, మనం చూపిస్తేనే ఎవరికైనా తెలుస్తుంది. ఆటిజం కొలవడానికి 40 అంశాల ప్రశ్నావళి ఉంటుంది, దాన్ని బట్టి శాతం వేస్తారు. చిన్న పిల్లలకు తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చి తర్వాత మళ్లీ చూడడం మామూలే.

ఉక్కు_తండ్రి | గురువారం, మధ్యాహ్నం 3:30

క్షమించండి, మీరంతా కాగితాలు, కార్డులు అంటున్నారు. ఇది తగ్గే మార్గం గురించి ఎవరూ మాట్లాడరా? మా పాపకు అయిదేళ్లు. వేరే నగరంలో స్టెమ్ సెల్ చికిత్స, అంటే మూలకణాలు ఒంట్లోకి ఎక్కించడం, చేస్తున్నారని తెలిసింది. లక్షల్లో ఖర్చు. పీఎఫ్ డబ్బు తీయాలనుకుంటున్నాను. తండ్రిగా నేను ప్రయత్నించకుండా ఎలా ఉండగలను? రేపు పాప పెద్దయ్యాక అప్పుడెందుకు చేయించలేదని నన్ను నేనే అడుక్కోవాలి కదా.

పిల్లల_వార్డు | గురువారం, రాత్రి 9:10

సోదరా, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేశాను. మీ బాధలో తప్పేమీ లేదు. కానీ ఆ డబ్బు తీయకండి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫారసు చేయలేమని, దాన్ని ప్రచారం చేసుకోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని జాతీయ వైద్య కమిషన్ 2022 డిసెంబరులోనే చెప్పింది. పాప వీపులోకి సూది వెళ్లడం, మత్తు ఇవ్వడం, ఇవన్నీ పాప శరీరం మీదే కదా జరుగుతాయి.

టీకాల సంగతి కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే రెండో బిడ్డకు టీకాలు మానేసిన తల్లులను చూశాను. 1998లో లండన్ వైద్య పత్రిక లాన్సెట్‌లో ఒక వ్యాసం ఎంఎంఆర్ టీకాను (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది) ఆటిజంతో ముడిపెట్టింది. 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. రాసిన డాక్టరు రిజిస్ట్రేషన్ కూడా పోయింది. ఆ వ్యాసం పోయినా భయం మాత్రం మన వీధుల్లో ఇంకా తిరుగుతోంది.

మీరు తీయాలనుకున్న ఆ సొమ్ముతో పాపకు ఎన్నేళ్ల థెరపీ వస్తుందో ఒకసారి కాగితం మీద లెక్క వేయండి.

పాడేరు_దారి | శుక్రవారం, ఉదయం 11:00

మీ మాటలన్నీ చదివాను. సిటీలో ఉన్నవాళ్లకు కనీసం ఎంచుకోవడానికి మూడు సెంటర్లు ఉన్నాయి. మాది పాడేరు దగ్గర ఊరు. 2022లో జిల్లా వేరయింది, మాకు కలెక్టరు గారు దగ్గరయ్యారు. థెరపీ మాత్రం వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉంది.

పాపకు నాలుగేళ్లు. తెల్లవారుజామున మొదటి బస్సు. ఘాట్ రోడ్డు మలుపుల్లో పాప వాంతులు చేసుకుంటుంది. రెండు జతల బట్టలు, ఒక పాత తువ్వాలు, ప్లాస్టిక్ కవర్లు పట్టుకుని ఎక్కుతాను. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి సెంటరుకు చేరేసరికి పాప నీరసించి ఉంటుంది. నలభై అయిదు నిమిషాలు. అందులో సగం ఏడుపు. మళ్లీ ఘాట్ రోడ్డు. ఆ రోజు కూలీ పోయినట్టే. నాలుగు నెలలు తిప్పాను, తర్వాత ఆపేశాను. ఆపేసినందుకు సెంటరులో ఒకామె "తల్లికే పట్టింపు లేకపోతే మేమేం చేస్తాం" అన్నది. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటోంది.

ఇంకొకటి. మేము ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. అక్కడ నేర్పేది తెలుగు. రెండు భాషలు కలిపితే పాప గందరగోళపడుతుంది, ఇంట్లో కూడా తెలుగే మాట్లాడమన్నారు. మా అమ్మకు తెలుగు రాదు. పాప తన అమ్మమ్మతో ఏ భాషలో మాట్లాడాలి?

భవిత_టీచరు | శుక్రవారం, సాయంత్రం 6:45

అమ్మా, ముందు భాష సంగతి. ఇంటి భాష మానేయకండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలు వెనకబడతారని చెప్పడానికి ఆధారం లేదు. అమ్మమ్మ ఒళ్లో విన్న మాటే మొదటి మాట. మీకు ఆ సలహా ఇచ్చినందుకు మా వృత్తి తరఫున నేను బాధపడుతున్నాను. కార్డుల మీద బొమ్మ ఉంటుంది, బొమ్మకు భాష లేదు. మీరు మీ భాషలోనే చెప్పండి.

అంగన్వాడీకి ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే బృందం, అంటే పిల్లల ఆరోగ్యాన్ని పరీక్షించే ప్రభుత్వ బృందం, రావాలి. 2013లో మొదలైన కార్యక్రమం అది. వాళ్లు గుర్తించిన పిల్లలను డీఈఐసీకి, అంటే చిన్న పిల్లల సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. అంగన్వాడీ టీచరుతో పాప పేరు రాయించండి. బడి వయసు వచ్చాక సమగ్ర శిక్షా కింద మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. రాలేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటు కూడా ఆ పథకంలో ఉంది. మా మీద పిల్లల భారం ఎక్కువ, ఒక్కొక్కరికి తగినంత సమయం ఇవ్వలేకపోతున్నాం, అది నిజం. అయినా అడగండి. అడిగినవాళ్ల పేరే రిజిస్టరులోకి ఎక్కుతుంది.

వారం వారం తిరగడం కన్నా, వరసగా పది రోజులు సిటీలో ఉండి మీరు పద్ధతి నేర్చుకుని వెళ్లడం మేలు. తర్వాత ఫోనులో వీడియో చూపిస్తే సరిదిద్దుతాం. సమస్యల్లా ఆ పది రోజులు ఎక్కడ ఉండాలన్నదే.

తమ్ముడి_అక్క | శనివారం, రాత్రి 8:20

ఇక్కడ అందరూ తల్లిదండ్రులే రాస్తున్నారు. నేను అక్కను. మా తమ్ముడికి ఇరవై నాలుగేళ్లు. మాటలు తక్కువ. కంచరపాలెంలో ఉంటాం.

పదో తరగతి పరీక్షలప్పుడు నా హాల్ టికెట్ బియ్యం డబ్బాలో దాచుకున్నాను, వాడు కాగితాలు చింపుతాడని. అప్పుడు వాడి మీద కోపం లేదు. నన్ను "నీకెలా ఉంది" అని ఎవరూ అడగలేదన్న కోపం ఉండేది. వచ్చిన చుట్టాలు వాడి గురించి అడిగేవాళ్లు, నా వంక చూసి "నువ్వే చూసుకోవాలి మరి" అనేవాళ్లు. పన్నెండేళ్ల పిల్లకు ఆ మాట అనవలసింది కాదు.

వాడికి పద్దెనిమిది నిండాక బ్యాంకు పని దగ్గర ఆగిపోయాం. పెద్దవాడయ్యాడు కాబట్టి అమ్మానాన్నల సంతకం చెల్లదన్నారు. అప్పుడు తెలిసింది, 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లాలో ఒక స్థానిక కమిటీ ఉంటుందని, కలెక్టరు అధ్యక్షత వహిస్తారని, చట్టబద్ధ సంరక్షకులను నియమించేది వాళ్లేనని. కుటుంబ సభ్యులు దరఖాస్తు చేసుకోవచ్చు. సంరక్షకుల పేరు రాసేటప్పుడు నాన్న నన్ను కూర్చోబెట్టి "నీకు ఇష్టమేనా?" అని అడిగారు. ఇరవై ఏళ్లలో అది మొదటిసారి. ఇష్టమే అన్నాను. అడిగారు కాబట్టి ఇష్టంగానే అన్నాను.

గాజువాక అమ్మ గారూ, మీకు ఇంకో బిడ్డ ఉంటే వారానికి ఒక గంట ఆ బిడ్డకే ఇవ్వండి.

సీతమ్మధార_అమ్మమ్మ | ఆదివారం, ఉదయం 7:30

తల్లీ, మీ అత్తగారి గురించి నాకు దిగులుగా ఉంది. ఆవిడను పక్కన పెట్టకు. మా మనవడికి చెప్పినప్పుడు నేనూ అలాగే మాట్లాడాను. "మా పెదనాన్న కొడుకు అయిదేళ్లకు మాట్లాడాడు" అన్నాను. అది మొండితనం కాదమ్మా, భయం. మా అమ్మాయి నాతో వాదించకుండా ఒక పని అప్పగించింది. రోజూ సాయంత్రం వాడికి ఉగ్గు గిన్నె, చెంచా చూపించి ఏది కావాలో అడిగి ఇవ్వడం. నెల తిరిగేసరికి ఏది దొరక్కపోయినా వాడు నా చెయ్యి పట్టి లాక్కుపోవడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి నేను ఎవరితోనూ వాదించడం లేదు.

సముద్రం దగ్గర మాత్రం జాగ్రత్త. ఈ పిల్లలకు నీళ్లంటే ఇష్టం, భయం తెలియదు. ఒకసారి ఆర్కే బీచ్‌లో వేరుశనక్కాయల పొట్లానికి డబ్బులిస్తూ చెయ్యి వదిలాను. తిరిగి చూసేసరికి మోకాలి లోతులో ఉన్నాడు. పిలిస్తే తిరిగే పిల్లవాడు కాదు కదా. ఒక మత్స్యకార అబ్బాయి పరుగెత్తి ఎత్తుకొచ్చాడు. అప్పటినుంచి వాడి చొక్కా లోపలి వైపు ఫోను నంబరు కుట్టాం. బీచ్ రోడ్డులో ఆల్ ఎబిలిటీస్ పార్కు ఉంది, అన్ని రకాల పిల్లలూ ఆడుకునేలా కట్టారు. జనం లేనప్పుడు, తెల్లవారగానే తీసుకెళ్లండి. నౌకాదళం విన్యాసాల సాధన రోజుల్లో ఆ వైపు వద్దు, ఆ మోత పెద్దవాళ్లకే కష్టం.

గాజువాక_అమ్మ | ఆదివారం, రాత్రి 9:50

అమ్మమ్మ గారూ, మీ మాట మా అత్తగారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపటికి వెళ్లి బాబు గరిటెల పక్కన కూర్చున్నారు.

ఒక ప్రశ్న. ఇంకో స్కూలుకు వెళ్లాను, వాళ్లూ వద్దన్నారు. "మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరు" అన్నారు. ఇది న్యాయమేనా?

భవిత_టీచరు | సోమవారం, మధ్యాహ్నం 1:05

న్యాయం కాదు, చట్టం కూడా కాదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడి అయినా వైకల్యం కారణంగా చేర్చుకోనని చెప్పకూడదు. 2016 చట్టంలోని 16వ సెక్షన్ అదే చెబుతుంది. 31వ సెక్షన్ ప్రకారం, 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరలోని బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య హక్కు. వద్దన్నది రాసివ్వమని అడగండి. రాసివ్వడానికి చాలామంది ఇష్టపడరు, అక్కడే సగం మంది మెత్తబడతారు. కాదంటే విద్యాశాఖకు, ఆ పైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు.

అయితే తల్లిగా మీరు ఇంకొకటి కూడా చూడాలి. బలవంతంగా చేర్చిన బడిలో వెనక బెంచీలో కూర్చోబెడితే ఏం లాభం? వాడిని చూసి నవ్వే టీచరు ఒక్కరున్న బడిని వెతకండి. ప్రత్యేక పాఠశాలలూ మన ఊళ్లో ఉన్నాయి. లెబెన్‌షిల్ఫే ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది, ఉక్కునగరంలో అరుణోదయ ఉంది. వెళ్లి ఒక పూట కూర్చుని చూడండి. ఏది నయమన్నది బాబును బట్టి ఉంటుంది.

ఉక్కు_తండ్రి | సోమవారం, రాత్రి 11:15

లెక్క వేశాను. ఆ డబ్బుతో పాపకు నాలుగేళ్ల పైన థెరపీ వస్తుంది. దరఖాస్తు చింపేశాను. కానీ ఈ రాత్రి నాకేమీ బాగాలేదు. తగ్గదు అని ఒప్పుకున్నట్టు అనిపిస్తోంది.

పిల్లల_వార్డు | సోమవారం, రాత్రి 11:32

మేలుకునే ఉన్నాను సోదరా. ఒంటరిగా ఉండకండి. 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు, ఏ వేళలోనైనా మాట్లాడతారు, డబ్బు అక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ పాప మారదని ఎవరూ అనలేదు. రోజూ నేర్చుకుంటుంది, తన దారిలో. ఇప్పుడు పాప నిద్రపోతోందా? వెళ్లి కాసేపు పక్కన పడుకోండి. రేపు పొద్దున ఇక్కడ ఒక్క ముక్క రాయండి, ఎదురుచూస్తాను.

ఉక్కు_తండ్రి | మంగళవారం, ఉదయం 6:40

రాస్తున్నాను. ఫోన్ చేశాను. కాస్త నయం.

గాజువాక_అమ్మ | మూడు వారాల తర్వాత, శనివారం, మధ్యాహ్నం 2:25

సదరం స్లాట్ దొరికింది, వచ్చే నెల. మా ఆయనే సచివాలయానికి వెళ్లి పెట్టించారు. పోర్టు నాన్న గారు రాసిన బీరువా మాట ఆయనకు నచ్చింది. వారానికి మూడు రోజుల సెంటరులో చేర్చాం, నన్ను గదిలో కూర్చోనిస్తున్నారు. కొత్త మాటలేవీ రాలేదు. కానీ మొన్న బస్సు పట్టుకుని నాలుగు లెక్కపెట్టేసరికి బాబు నా కళ్లలోకి చూశాడు. అయిదు దాకా పోనక్కరలేకపోయింది. మా అత్తగారు గుమ్మంలోంచి చూశారు.

ఆదివారాలు ఉదయం ఆరున్నరకు పార్కు దగ్గర కలుద్దామని ఈ చర్చలోని నాలుగు కుటుంబాలు అనుకున్నాం. రాగలిగినవాళ్లు రండి.

పాడేరు నుంచి రాసిన చెల్లీ, మా మేడ మీద గది ఖాళీగా ఉంది. అందులో మంచం, ఫ్యాను ఉన్నాయి. మా ఆయన, అత్తగారు ఇద్దరూ సరేనన్నారు. టీచరు గారు చెప్పిన ఆ పది రోజులు మా దగ్గర ఉండండి. సెంటరులో మేడమ్‌తో మాట్లాడాను, ఆ రోజుల్లో పాపకు కూడా సమయం ఇస్తామన్నారు. మీ అమ్మ గారు రాగలిగితే ఆవిడనూ తీసుకురండి, భాష రాకపోయినా పరవాలేదు. ఏ రోజు వచ్చేది విడిగా సందేశం పెట్టండి, కాంప్లెక్స్‌కు నేనే వస్తాను. పాప అన్నంలోకి ఏమి తింటుందో కూడా రాయండి. మా వాడు పెరుగన్నం తప్ప ఏదీ ముట్టడు, ఇంట్లో వేరే కూర పెద్దగా ఉండదు.